గంట రాలేదట

నాటకశాల, దుస్తుల గది
చలి తగ్గిన వారం

గంటా,

ఫోన్ చేస్తే ఎప్పుడూ మీవారే ఎత్తుతున్నారు. "పడుకుంది" అంటారు, లేకపోతే "బజారుకెళ్ళింది" అంటారు. చలికాలమంతా నువ్వు పడుకునో, బజారులోనో ఉన్నట్టున్నావు. "ఫోన్‌లో మాట గాలికి పోతుంది వదినా, ఉత్తరాలు రాసుకుందాం" అని చీటీ పంపావు కదా, సరే, ఇదిగో. సూది పట్టిన చేతికి కలం కొత్త. అక్షరాలు వంకరపోతే సర్దుకో.

మొన్న ఐసు ఫ్యాక్టరీ ముసలాయన కొడుకులిద్దరూ వచ్చారు. ముసలాయన పోయి ఏడాదైంది, నీకు తెలుసు. బతికున్నంతకాలం ఈ షెడ్డు మనదేనన్నట్టు ఉంచాడు. మీ అన్నయ్య బోర్డులు రాసుకునే పెయింటరుగా ఉన్నప్పుడు వెళ్ళి అడిగితే, "ఐసు ఎలాగూ ఆగిపోయింది, నీ నాటకాలైనా ఆడనీ" అని తాళంచెవి చేతిలో పెట్టాడట. ఆ తాళంచెవి మీ అన్నయ్య పోయాక నా దగ్గరే ఉంది.

చిన్నకొడుకు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. పెద్దవాడే చెప్పాడు. "అత్తా, షెడ్డు అమ్మేశాం. వానాకాలం మొదలయ్యేలోపు ఖాళీ చెయ్యాలి. కొన్నవాళ్ళు పడగొట్టి గోదాము కడతారట."

చిన్నవాడు చిన్నప్పుడు మన పిల్లల నాటకంలో కుందేలు వేశాడు, గుర్తుందా. వెళ్ళేటప్పుడు స్టేజీ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకున్నాడు. అయినా సంతకం పెట్టేశాడు. వాడిని తిట్టబుద్ధి కాలేదు.

నత్తి ఉన్న పిల్లలు ఆదివారాలు ఇక్కడికొచ్చి పాత్రల మాటలు చెబుతూ చెబుతూ తడబడకుండా మాట్లాడటం నేర్చుకున్నారు. ఇక వాళ్ళు ఎక్కడికి పోతారు? డ్యూటీ దిగి వేషాలకు వచ్చే నర్సు ఎక్కడికి పోతుంది? వరదలొచ్చిన ఏడాది వీధి వీధంతా ఈ స్టేజీ మీదే పడుకుంది.

అందరం కూర్చుని ఒకటి అనుకున్నాం. మూసేముందు ఆఖరిసారి "దీపాలవేళ" ఆడాలి. తల్లి వేషానికి ఇంకెవరి పేరూ ఎవరూ ఎత్తలేదు. నువ్వు రావాలి. కొడుకు చిన్నోడి వేషం మళ్ళీ మన సెలూనాయనదే. ఊరందరి జుట్టూ కత్తిరించే మనిషికి ఇప్పుడు నడినెత్తిన బట్టతల. నువ్వు "చిన్నోడా" అని పిలిస్తే జనం నవ్వకుండా ఉండాలి, అది నీ గొంతు పని.

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. అసలు మొగుడు పోయాక నాకు మిగిలింది ఆ సగమే. ఎప్పుడొస్తావో రాయి.

మీ వదిన


మేడ మీది ఇల్లు
ఎండలు ముదరకముందే

వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పుడు మా వారు వచ్చి నా చేతిలోంచి మెల్లిగా తీసేసుకున్నారు.

ఆ షెడ్డు పోతుందంటే నాకు మొదటిరోజే గుర్తొస్తోంది. క్వారీలో పేలుడు జరిగి మనుషులు పోయిన ఏడాది. ఎవరూ నోరెత్తలేదు. పోయినవాళ్ళ భార్యలు కూడా బావి దగ్గర ఆ మాట ఎత్తేవాళ్ళు కాదు. అన్నయ్య అప్పుడే క్వారీ గేటుకు బోర్డు రాయడానికి వెళ్ళి, ఆ రాళ్ళు చూసి వచ్చి, అన్నం తినకుండా "దీపాలవేళ" రాశాడు. కథేముంది? పొద్దు వాలాక ఒక తల్లి గుమ్మంలో నిలబడి, క్వారీకి వెళ్ళిన కొడుకును అన్నానికి పిలుస్తుంది. మూడుసార్లు పిలుస్తుంది. అంతే. అంతదానికే ఆ ఆడవాళ్ళు నేల మీద కూర్చుని గుండెలు బాదుకున్నారు. నాటకమయ్యాక ఒక్కరూ ఇంటికి పోలేదు. తెల్లారి అందరూ కలిసి క్వారీ గేటు దగ్గరకు నడిచారు. పేల్చేముందు సైరన్ మోగించడం ఆ తర్వాతే కదా మొదలైంది. అన్నయ్య ఆ సైరన్ వినపడినప్పుడల్లా "అది మన నాటకంలో నాలుగో పిలుపు" అనేవాడు.

నేను రావడం కుదిరేలా లేదు వదినా. మా వారి మోకాలు బాగా ఇబ్బంది పెడుతోంది, మెట్లు దిగలేకపోతున్నారు. వదిలిపెట్టి రాలేను. ఆ వేషం నర్సుకు ఇవ్వు. మంచి పిల్ల, గొంతులో తడి ఉంది. నన్ను చూసి చూసి జనానికీ విసుగు పుట్టి ఉంటుంది.

నీ ఆరోగ్యం జాగ్రత్త. కుట్టుమిషను దగ్గర దీపం మార్చుకున్నావా?

గంట


నాటకశాల
మధ్యాహ్నం, ఫ్యాను తిరగడం లేదు

గంటగారికి,

గారు అన్నానని ఉలిక్కిపడకు. పెద్దవాళ్ళతో అలాగే మాట్లాడాలి కదా.

మీవారి మోకాలి సంగతి చదివి బాధపడ్డాను. మన గేటు ముందు పంక్చర్లు వేసే ఆయన చెల్లెలు మీ ఊళ్ళోనే ఉంటుంది. పోయినవారం మీవారిని చూసిందట. కూరల సంచి పట్టుకుని, బస్సు వెనక పరిగెత్తి మరీ ఎక్కారట. అంత ఇబ్బందిలో ఉన్న మోకాలు అలా పరిగెత్తడం నేనెక్కడా వినలేదు.

రాలేనంటే రాలేనని చెప్పు. ఇష్టం లేదంటే లేదని చెప్పు. నాకు అబద్ధం రాయకు.

నేను ఊరందరికీ చెప్పేశాను, గంట వస్తోందని. సెలూనాయన అద్దం మీద సబ్బుతో రాసి పెట్టుకున్నాడు. క్వారీ వాళ్ళ ఇళ్ళల్లో ముసలమ్మలు దారిలో ఆపి అడుగుతున్నారు, "గంటమ్మ వచ్చిందా" అని. ఇంకా ఎన్నిసార్లు వాళ్ళకు రేపు రేపని చెప్పమంటావు?

నీ చిన్నప్పుడు మీ అన్నయ్య వీధి చివర నిలబడితే, నువ్వు ఇంట్లోంచి పిలిచిన పిలుపు విని "ఇది మనిషి గొంతు కాదురా, గంట" అన్నాడట. ఆ పేరు పెట్టినవాడు పోయాడు. ఆయన కట్టినదీ పోతోంది. ఒక్క సాయంత్రం వచ్చి నిలబడలేవా? ఆ గొంతు ఎవరికోసం దాచుకుంటున్నావు?

నోరుంటే తలకాయ కాస్తుందంటారు. నీకు నోరుంది. నాకు సూదీ దారం తప్ప ఏం లేవు.

నీ వదిన


మేడ మీది ఇల్లు

వదినా,

మా వారి మోకాలికి ఏమీ లేదు. ఆయన పాపం, నేను చెప్పమన్న అబద్ధాలన్నీ ఫోన్‌లో నీకు చెప్పి, ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి నిలబడతారు.

నాకు గొంతు లేదు. బొంగురుపోవడం కాదు వదినా, లేదు.

వానాకాలంలో ముద్ద మింగుతుంటే లోపల ముల్లు గుచ్చుకున్నట్టు ఉండేది. తర్వాత మాట జీరపోయింది. ఎక్కువ అరిచావు ఇన్నేళ్ళూ అని ఆయన నవ్వారు, నేనూ నవ్వాను. డాక్టరు నవ్వలేదు. క్యాన్సరన్నాడు. మాట పుట్టే పెట్టెనే తీసెయ్యాలి, లేకపోతే మనిషే ఉండదన్నాడు. చలికాలం మొదట్లో తీసేశారు. ఇప్పుడు మెడ మీద చిన్న రంధ్రం ఉంది, దాంతోనే ఊపిరి. దాని మీద పల్చటి గుడ్డ కట్టుకుంటాను. పలక మీద రాసి చూపిస్తాను. ఇంట్లో చప్పుడు లేదని ఆయన పొద్దున్నుంచీ రేడియో పెట్టుకుంటున్నారు. నేను ముందు గదిలోకి వస్తే గబగబా ఆపేస్తారు. ఆపవద్దని రాసి చూపిస్తాను. మళ్ళీ పెడతారు. ఇలా జరుగుతోంది మా కాపురం.

ఆపరేషన్‌కు ముందురోజు ఆయన మందులు తేవడానికి వెళ్ళారు. నేను ఆసుపత్రి మేడ మెట్ల మీదకు వెళ్ళాను. పొద్దు వాలుతోంది. కింద ఆవరణలో జనం నడుస్తున్నారు. రెయిలింగ్ పట్టుకుని, ఉన్న గొంతంతా పెట్టి, "చిన్నోడా" అని పిలిచాను. జీరగానే వచ్చింది. అయినా కింద ఎవరో కుర్రాడు, చేతిలో టిఫిన్ క్యారియర్, ఆగి తలెత్తి చూశాడు. చుట్టూ చూసుకుని, తనను కాదనుకుని వెళ్ళిపోయాడు. నా గొంతు విన్న ఆఖరి మనిషి వాడే.

నీకెందుకు చెప్పలేదంటే, నీకు చెబితే నిజమైపోతుంది. నువ్వు ఉత్తరాల్లో "గంటా" అని రాస్తుంటే నేనింకా ఆ మనిషినే అనిపించేది.

దాచుకోలేదు వదినా. దాచుకుంటే బాగుండేది.

గంట


నాటకశాల

గంటా,

నేను పోయినసారి రాసిన ఉత్తరం చింపి పారెయ్యి. నోరుందన్నాను నిన్ను. ఆ మాటలు రాసిన చేత్తోనే ఇది రాయాల్సి వస్తోంది.

నీ ఉత్తరం దుస్తుల గదిలో చదివాను. నువ్వు వేసుకునే ఆ నల్లటి పాత శాలువా ఎదురుగా కొక్కేనికి ఉంది. దాన్ని ముఖానికి పెట్టుకుని ఏడ్చాను. నర్సు వచ్చి తలుపు తట్టింది. చెప్పేశాను, తన ఒక్కదానికే. ఆమె నేల మీద కూర్చుని, "ఇప్పుడు ఊపిరి సులువుగా ఆడుతోందా ఆమెకు" అని అడిగింది. నాకు అడగాలని తోచలేదు, చూడు. ఆడుతోందా?

నాటకం వద్దు. ఊరికి ఏదో ఒకటి చెబుతాను. తాళంచెవి వాళ్ళ చేతిలో పెట్టేసి రేపే బస్సెక్కి నీ దగ్గరకు వస్తాను. నీకు వండిపెడతాను. నేను వాగుతాను, నువ్వు విను. ఇన్నేళ్ళూ నువ్వు వాగితే నేను విన్నాను కదా.

వదిన


మేడ మీది ఇల్లు

వదినా,

సులువుగానే ఆడుతోంది. నర్సుకు చెప్పు.

నువ్వు రావద్దు. బస్సెక్కావంటే తలుపు తియ్యను. నాటకం ఆడాలి. తల్లి వేషం నువ్వు వెయ్యాలి.

అవును, నువ్వే. పక్కతెర వెనక బొత్తాములు కుడుతూ ఆ మాటలు నాకంటే ఎక్కువసార్లు విన్నావు. మొదటి ఏడాది నేను తడబడితే నీ పెదాలు చూసి అందుకునేదాన్ని. స్టేజీ ఎక్కమంటే కాళ్ళు వణుకుతాయంటావు. వణకనీ. కొడుకు ఇంటికి రాని తల్లికి కాళ్ళు వణక్కుండా ఉంటాయా?

ఎలా పిలవాలో చెబుతాను. మొదటి పిలుపు విసుగ్గా ఉండాలి. అన్నం చల్లారిపోతోంది, వీడికి పట్టదు. అంతకుమించి ఏమీ వద్దు. రెండోది వీధి చివరిదాకా పోవాలి. దానికి గొంతు కాదు, పొట్ట కావాలి. కింద గాలి నింపుకో, భుజాలు ఎత్తకు. "ఇంటికి రారా" దగ్గర మధ్యలో ఊపిరి తియ్యకు, పిలుపు తెగుతుంది.

మూడోదానికి నన్ను మరిచిపో. అన్నయ్య పోయిన పొద్దున నువ్వు ఆయన చెవి దగ్గరకు వంగి ఏమండీ అని పిలిచావు. మెల్లిగానే పిలిచావు. నేను గుమ్మంలో ఉన్నాను. నాకిప్పటికీ వినపడుతుంది. మూడోది అది.

నేను వస్తాను, చూడటానికి. ఎవరికీ చెప్పకు. నన్ను ఆ వీధిలో అందరూ పలకరిస్తారు, నేను పలక తియ్యాలి, వాళ్ళ ముఖాలు చూడాలి. అంత ఓపిక నాకు లేదు. రాలేకపోయిందని చెప్పు చాలు. దీపాలు ఆర్పాక వెనక వరసలో వచ్చి కూర్చుంటాను.

గంట


నాటకశాల
ఆరు రోజుల్లో నాటకం

గంటా,

నా మాటలన్నీ వచ్చు, నిద్రలో అడిగినా చెబుతాను. స్టేజీ మీదకెక్కితే చాలు, గుడ్డ ముక్కలా నిలబడిపోతున్నాను. సెలూనాయన ఓపిగ్గా, "అక్కా, నన్ను చూడకు, నా బట్టతల చూస్తే నీకు తల్లి ప్రేమ రాదు, తలుపు చూడు" అంటున్నాడు. నవ్వి నవ్వి నిన్న మొదటి పిలుపు వచ్చింది. రెండోది వచ్చింది. మూడోది నేనింకా ప్రయత్నించలేదు. ఆ చోటికి రాగానే ఆపెయ్యమంటున్నాను. అది ఒక్కసారే వస్తుంది నాకు. దాన్ని ముందే వాడెయ్యలేను.

గంట రాలేకపోయిందని చెప్పాను. ముసలమ్మలు తలలూపి వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది.

శాలువా పొడవు తగ్గించాల్సి వచ్చింది. నువ్వు పొడుగు. కత్తిరించలేదు, లోపలికి మడిచి టాకా వేశాను.

వదిన


మేడ మీది ఇల్లు
మొదటి వానలు

వదినా,

నాటకమయ్యాక దుస్తుల గదిలో నిన్ను పట్టుకుని ఏడవడమే తప్ప ఏమీ చెప్పలేకపోయాను. పలక మీద "బాగుంది" అని రాస్తే నువ్వు దాన్ని చెరిపేశావు. ఆ రోజు చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్నాను.

నేను వెనక వరసలో గోడవార కూర్చున్నాను, మెడ చుట్టూ గుడ్డ, తల మీదుగా ముసుగు. పక్కన ఒకామె వచ్చి కూర్చుంది. ఖాళీ గంప కాళ్ళ దగ్గర పెట్టుకుంది. కొత్తిమీర వాసన. నీ గేటు ముందు కూరలమ్మే ఆమె అయి ఉంటుంది. నాకు ఇరుకు కాకుండా కాస్త జరిగి కూర్చుంది.

నువ్వు మొదటిసారి పిలిచావు. ఆమె నా చెవి దగ్గరకు వంగి, "ఈవిడ ఇక్కడ బట్టలు కుట్టే ఆవిడమ్మా. పాపం, బాగానే చేస్తోంది" అంది. నేను తల ఊపాను.

"కానీ గంటమ్మ చేస్తే చూడాలి మీరు. ఆవిడ పిలిస్తే బయట వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగిపోయేవాళ్ళు. ఈసారి గంట రాలేదట. పెద్దదైపోయిందేమో. పెద్ద ఊళ్ళో ఉంటోందిగా, మనలాంటివాళ్ళు కంటికి ఆనతారా?"

నా చేతులు ఒళ్ళో ఉన్నాయి. సంచిలో పలక ఉంది. చీకటి, తీసినా ఆమె చదవలేదు.

"నాకు మాత్రం ఆవిడ మీద కోపం లేదమ్మా" అంది మళ్ళీ. "మా వాడు నాకు చెప్పకుండా పెళ్ళి చేసుకొచ్చాడని తలుపేశాను. వానలో నిలబెట్టాను ఇద్దర్నీ. రెండేళ్ళు వాడి పేరెత్తలేదు ఇంట్లో. ఒకరోజు కూరలు మిగిలిపోయి, చల్లగా ఉంటుందని ఇందులోకొచ్చి కూర్చున్నా. నాటకమని కూడా తెలీదు. ఆవిడ పిలిచింది. గంప ఇక్కడే వదిలేసి పోయాను. వాళ్ళుండే సందు తెలుసు, ఇల్లు తెలీదు. సందు మొదట్లో నిలబడి, ఆవిడ ఎలా పిలిచిందో అలాగే పిలిచా, సిగ్గు లేకుండా. వాడు చొక్కా లేకుండా బయటికొచ్చాడు. ఇప్పుడు మనవరాలు నా పక్కనే పడుకుంటుంది."

"ఆవిడకు చెబుదామనుకునేదాన్ని ఎప్పటికైనా. నాటకమవ్వగానే జనం చుట్టూ మూగేవాళ్ళు, నాకు సందేది? ఈసారి చెబుదామని వచ్చా. రాలేదు" అంది.

అప్పుడే నువ్వు మూడోసారి పిలిచావు వదినా. నా నోరు తెరుచుకుంది, నీతోపాటు నేనూ పిలిచాను. మెడ మీది గుడ్డ గాలికి కొంచెం కదిలింది, అంతే. ఆమె ముఖం కప్పుకుని ఏడుస్తోంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె నా చెయ్యి గట్టిగా నొక్కి, "మీకూ ఎవరో ఉన్నట్టున్నారు, రానివాళ్ళు" అంది.

దీపాలు వెలిగేలోపు లేచి నీ దుస్తుల గదికి వచ్చేశాను.

ఇన్నేళ్ళూ జనం చప్పట్లు విన్నాను. పిలిస్తే ఒక మనిషి ఇంటికొచ్చాడని మాత్రం, తిరిగి ఒక్క మాట చెప్పలేని రోజున విన్నాను.

ఆమెకు చెప్పకు. గర్వమనుకోనీ. ఆమె చెవిలో ఆ పిలుపు బాగుంది, దాని పక్కన ఈ మెడ చేర్చకు.

గంట


ఇల్లు
వాన తెరిపిచ్చిన పొద్దున

గంటా,

షెడ్డు పడగొట్టారు. నేను చూడకూడదనుకున్నాను, చూశాను. ఐసు నిలవ ఉంచడానికి కట్టిన గోడలు కదా, అంత తొందరగా పడలేదు. కుందేలు వేషం వేసిన చిన్నవాడు గొడుగు పట్టుకుని రోడ్డుకు అవతల నిలబడ్డాడు.

ఆదివారం నత్తి పిల్లలు ముగ్గురు మా ఇంటికే వచ్చారు. వరండాలో కూర్చోబెట్టాను. నర్సు వచ్చింది. ఏం చదవాలో ఎవరికీ తోచలేదు. కాసేపు కూర్చుని వెళ్ళిపోయారు. వచ్చే ఆదివారం రమ్మన్నాను. వస్తారో రారో.

నువ్వు చెప్పవద్దన్నావు. చెప్పాను గంటా. తిట్టుకో.

కూరలమ్మే ఆమె, గేటు ఉన్న చోటే, ఇటుకల కుప్ప పక్కన గంప పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి, "ఇంకెప్పుడమ్మా నాటకం" అంది. లేదన్నాను. "గంటమ్మ వచ్చినా ఆడరా" అంది. ఆ మాట ఎత్తాక నేను ఆపుకోలేకపోయాను. ఆ రోజు నాటకంలో నీ పక్కన కూర్చున్నది ఎవరనుకున్నావని ఆమెను అడిగాను.

ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. చేతిలో ఉన్న కట్ట కింద పెట్టేసింది. తన కుడి అరచెయ్యి తిప్పి చూసుకుంది. "చెయ్యి పట్టుకుంటే కూడా పోల్చుకోలేకపోయానే" అంది. "పెద్దదైపోయిందన్నానమ్మా ఆవిడ ముఖం మీదే."

"ఆమె అదేం అనుకోలేదు" అన్నాను.

కొనడానికి ఎవరో వస్తే చెయ్యి ఊపి పంపేసింది. తర్వాత అడిగింది, "మా వాడి సంగతంతా ఆవిడ విన్నదా?"

"మొత్తం విన్నది."

"అయితే చాలమ్మా" అని కళ్ళు తుడుచుకుని, కట్టలు మళ్ళీ సర్దుకోవడం మొదలుపెట్టింది.

నువ్వు విన్నావన్నది ఆమెకు చాలింది. నేను ఇంటికి వచ్చి గుమ్మంలో కూర్చున్నాను. నాకు చాలలేదు గంటా.

వదిన